కర్ర అవసరం కొండ దిగేటప్పుడే

ముసునూరు: మామిడి తోటలో కాపు ఎక్కువై కొమ్మ నేలకు వంగితే రైతు ఏం చేస్తాడు? కొమ్మ ఫెళ్ళున విరిగేదాకా చూస్తూ ఊరుకోడు. పంగల కర్ర ఒకటి తెచ్చి ఊతం పెడతాడు. ఊతకర్ర పెట్టినంత మాత్రాన ఆ చెట్టుకు ముసలితనం వచ్చిందని ఎవరూ అనుకోరు. పైగా కాపు బాగున్నదని దారిన పోయేవారు మెచ్చుకుంటారు. అదే రైతు యాభై దాటిన వయసులో, మోకాలి నొప్పితో, కొండ మెట్లు ఎక్కవలసి వచ్చినప్పుడు చేతికి కర్ర ఇవ్వబోతే నామోషీ పడతాడు. అప్పుడే కర్ర దాకా వచ్చిందా అని విసుక్కుంటాడు. కొమ్మకు పనికివచ్చిన ఊతం మనిషికి ఎందుకు పనికిరాదో ఆలోచించవలసిన విషయమే.

ముసునూరు, నూజివీడు పరిసరాలలో కొండ ఎక్కని కుటుంబం అరుదు. దగ్గరలోనే ఆగిరిపల్లి శోభనాచలం ఉన్నది. కొండపైనున్న నరసింహస్వామిని చూడాలంటే మెట్లు ఎక్కాలి. బెజవాడ ఇంద్రకీలాద్రి, మంగళగిరి పానకాలస్వామి కొండ మనవారికి కొత్త కావు. చిన తిరుపతికి, అదే ద్వారకా తిరుమలకు, ఊళ్ళ నుంచి కాలినడకన వెళ్ళేవారున్నారు. కాయ కోతలు ముగిసి చేతికి నాలుగు డబ్బులు వచ్చాక తిరుమల మొక్కు తీర్చుకునేవారు, కార్తీకంలో మాల వేసి శబరిమలకు వెళ్ళేవారు, శివరాత్రికి నల్లమల అడవిలో నడిచి శ్రీశైలం చేరేవారు మన మధ్యనే ఉన్నారు. ఇంతమంది కొండలు ఎక్కుతున్నా, చేతికర్రను ఎట్లా ఎంచుకోవాలి, ఏ చేత పట్టాలి, ఎట్లా కాపాడుకోవాలి అన్న సంగతులు తెలిసినవారు తక్కువ. అందులోనూ అసలైన సంగతి ఒకటున్నది. కర్రతో ఎక్కువ పని ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు.

"ఇంక దిగడమేగా!"

ఈ సంగతి ఈ వ్యాసం రాస్తున్నవాడికి పుస్తకాల వల్ల తెలిసింది కాదు. కొన్నేళ్ళ క్రితం ఒక కొండకు బాబాయితో కలిసి మెట్ల దారిన వెళ్ళడం జరిగింది. బయలుదేరే ముందు తోటలోని వెదురు పొదలోంచి ఆయన ఒక పచ్చి కర్ర నరుక్కుని తెచ్చారు. దాన్ని పట్టుకుని ఎక్కడా ఆగకుండా పైకి ఎక్కారు. దర్శనం అయింది. ప్రసాదం తిన్నాం. తిరుగు ముఖం పట్టేటప్పుడు ఆ కర్రను మండపం దగ్గర ఆడుకుంటున్న పిల్లవాడి చేతిలో పెట్టేశారు. "ఉంచు బాబాయ్, దిగేటప్పుడు కావాలేమో" అంటే, "ఇంకేముందిరా, ఇంక దిగడమేగా!" అని నవ్వారు.

మూడో మలుపు దాకా బాగానే దిగారు. అక్కడ మెట్టు కాస్త ఎత్తుగా ఉన్నది. కుడికాలు కింద మోపగానే మోకాలు వణికి, పక్కకు ఒరిగి, కూర్చుండిపోయారు. ఎముక విరగలేదు కాని కీలు బెణికింది. ఇద్దరం చెరో పక్క పట్టుకుని ఒక్కొక్క మెట్టే దింపితే కిందికి చేరేసరికి చీకటి పడింది. అది కోతల కాలం. ఆరు వారాలు ఆయన తోట గట్టు ఎక్కలేదు. కాయ బేరం మంచం మీద నుంచే ఆడవలసి వచ్చింది. పక్కన లేని రైతు కాయకు ఎంత ధర పలుకుతుందో మనవారికి వేరే చెప్పనక్కరలేదు. ఆ ఏడు నష్టం ఎంత అని పిన్ని ఇప్పటికీ లెక్క చెబుతుంది.

నిజానికి ఆ తప్పు ఆయన ఒక్కరిది కాదు. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, గుండె కొట్టుకుంటుంది, చెమట పోస్తుంది. అందుకని ఎక్కడమే కష్టమని అందరం అనుకుంటాం. దిగేటప్పుడు ఆయాసం ఉండదు. కష్టం మోకాలిలో ఉంటుంది. అది నోరు విప్పి చెప్పదు, చెప్పేసరికి ఆలస్యం అవుతుంది.

మోకాలి మీద రెండు క్వింటాళ్ళు

దిగడంలో మోకాలి మీద పడే బరువు ఎంతో డాక్టర్లు కొలిచి చూశారు. జర్మనీలోని బెర్లిన్ పరిశోధకులు 2010లో ప్రకటించిన లెక్క ఇది. మోకాలి చిప్పల ఆపరేషన్ అయిన ఐదుగురికి అమర్చిన కృత్రిమ కీళ్ళలోనే బరువు కొలిచే పరికరాలు ఉంచి, వారిని నడిపించి, మెట్లు ఎక్కించి, దింపించి చూశారు. చదును నేల మీద నడిచేటప్పుడు కీలు మీద మనిషి బరువుకు దాదాపు 2.6 రెట్లు పడింది. మెట్లు ఎక్కేటప్పుడు దాదాపు 3.2 రెట్లు. దిగేటప్పుడు దాదాపు 3.5 రెట్లు.

అరవై కిలోల మనిషిని తీసుకుని లెక్క వేద్దాం. మెట్టు దిగిన ప్రతిసారీ ఆ మోకాలు రెండు క్వింటాళ్ళకు పైగా మోస్తున్నదన్నమాట. ఇరవై కిలోల మామిడికాయల ట్రేలు పది ఒకదానిమీద ఒకటి పేర్చి, మెట్టు మెట్టుకూ కీలు మీద పెట్టి తీసినట్లు. అలిపిరి దారిలో తిరుమలకు 3,550 మెట్లున్నాయి. శ్రీవారి మెట్టు దారిలో 2,388. ఎన్నిసార్లు పెట్టి తీయాలో ఎవరికి వారే లెక్క చూసుకోవచ్చు.

మరి కర్ర ఈ బరువును ఎంత తగ్గిస్తుంది? ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ పరిశోధకులు 1999లో దీని మీద ఒక పరీక్ష జరిపారు. రెండు చేతులా రెండు కర్రలు పట్టుకుని ఏటవాలు దారిలో కిందికి నడిచినప్పుడు, ఉత్త చేతులతో నడిచినప్పటికంటే మోకాలి మీద పడే భారం 12 నుంచి 25 శాతం దాకా తగ్గినట్లు తేలింది. వారు పరీక్షించినవారు కర్రలు వాడటం బాగా తెలిసినవారు. అందుచేత కర్ర చేతిలో ఉన్నంత మాత్రాన ఫలితం వస్తుందనుకోరాదు. వాడే పద్ధతిలో వాడితేనే వస్తుంది.

ఎలాంటి కర్ర

మన ప్రాంతం వారికి కర్రను గురించి ఒకరు చెప్పవలసిన పని లేదు. చిక్కం కట్టి కాయ కోసే గడకర్రను ఎంచుకునేటప్పుడు కణుపు చూస్తారు, బరువు చూస్తారు, పుచ్చు చూస్తారు. చేతికర్రకూ ఆ చూపే కావాలి.

వెదురులో బోలుగా ఉండే బొంగు ఒకటి, లోపల గట్టిగా ఉండే సాధనం వెదురు ఒకటి. లాఠీలకు వాడేది ఈ రెండో రకాన్నే. చేతికర్రకు ఇదే శ్రేష్ఠం. దొరకనప్పుడు బొంగు వెదురులోనే మొదలు వైపు ముక్క తీసుకోవాలి. అక్కడ గోడ మందంగా, కణుపులు దగ్గర దగ్గరగా ఉంటాయి. మూడేళ్ళకు తక్కువ వయసున్న లేత బొంగు పనికిరాదు. అది ఎండిన కొద్దీ ముడుచుకుని, నెర్రెలు విచ్చుతుంది.

కోసేటప్పుడు గమనించవలసింది ఒకటున్నది. కర్ర అడుగు కొస కణుపుకు సరిగ్గా కింద ఉండాలి. కణుపు కొసను మూసి ఉంచుతుంది కనుక నేలకు తగిలినప్పుడు చీలదు. కణుపుకు దూరంగా కోస్తే బోలు కొస నాలుగు దెబ్బలకే పగిలి చీపురులా విచ్చుకుంటుంది. అట్లాగే గణుపుల మీది ముళ్ళు, మొటిమలు కత్తితో చెక్కి, అరం పెట్టి నున్నగా చేయాలి. లేకుంటే నాలుగు మైళ్ళు నడిచేసరికి అరచేయి బొబ్బలు పోతుంది.

పచ్చికర్రతో ప్రయాణం పెట్టుకోరాదు. అప్పుడే నరికినది బరువుగా ఉంటుంది, వంగుతుంది. చాలా ముందుగానే కోసి, రెండు మూడు వారాలు నీళ్ళలో నానవేసి, తరువాత నీడలో నిలబెట్టి ఆరబెట్టాలి. నానవేయడం వల్ల వెదురులోని పిండి పదార్థం నీటిలో కలిసిపోతుంది. పుచ్చు పురుగుకు ఆహారం ఆ పిండే. తిండి లేని చోట అది చేరదు. వంకర ఉంటే ఆ చోట నిప్పు సెగ చూపి, వేడి మీద నిదానంగా సరిచేసి, చల్లారేదాకా కదలకుండా పట్టి ఉంచాలి. రిజర్వు అడవిలో దొంగచాటుగా నరకవద్దు. తోటలోనో, గట్టు మీదో పెంచుకున్నదో, కొనుక్కున్నదో అయితే ఏ పేచీ ఉండదు.

ఎంత పొడవు ఉండాలి

నేల మీద నడకకు వాడే చేతికర్రకు కొలత తేలిక. చెప్పులు తొడుక్కుని నిటారుగా నిలబడి, చేయి కిందికి వదిలేస్తే మణికట్టు ఎక్కడ ఉంటుందో కర్ర పిడి అక్కడికి రావాలి. అంతకంటే పొడవైతే భుజం లేస్తుంది, పొట్టిదైతే నడుము వంగుతుంది.

కొండకు ఈ కొలత చాలదు. చదును నేల మీద కర్ర పట్టుకున్నప్పుడు మోచేయి తిన్నగా మడిచి, ముంజేయి నేలకు సమంగా ఉండేటట్లు చూసుకోవాలి. ఎక్కేటప్పుడు పై మెట్టు దగ్గరగా ఉంటుంది కనుక కర్ర కొంచెం పొట్టిగా కావాలి. దిగేటప్పుడు కింది మెట్టు దూరం కనుక పొడవుగా కావాలి. రెండింటికీ తేడా నాలుగైదు వేళ్ళు మొదలు జానెడు దాకా ఉంటుంది.

అందుకే కొండకు వెళ్ళేవారు గుండె ఎత్తు కర్ర తీసుకోవడం మంచిది. ఎక్కేటప్పుడు చేతిని కిందికి జార్చి పట్టుకోవాలి. దిగేటప్పుడు పైకి జరిపి పట్టుకోవాలి. పట్టు జారకుండా ఉండే మేర రెండు చోట్ల పురికొసో, పాత సైకిలు ట్యూబు పట్టీనో బిగించి చుట్టుకుంటే చెమట చేతికి కూడా నిలుస్తుంది. మన వెదురు కర్రకు ఇది పెద్ద సదుపాయం. మర తిప్పే పని లేదు, చేయి జరిపితే చాలు.

ఏ చేత పట్టాలి

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. కుడి మోకాలు నొప్పి అయితే కర్ర కుడి చేత్తో పట్టుకుంటారు. అది తప్పు. నొప్పి కుడికాలిదైతే కర్ర ఎడమ చేతిలో ఉండాలి. మనం నడిచేటప్పుడు కుడికాలితోపాటు ఎడమచేయి ముందుకు వెళుతుంది కదా! కుడికాలు నేల మీద మోపే క్షణంలోనే ఎడమచేతి కర్ర కూడా నేలను తాకి, బరువును కొంత తన మీదికి తీసుకుంటుంది. అదే చేత పట్టుకుంటే మనిషి నొప్పి ఉన్న వైపే ఒరుగుతాడు, భారం తగ్గకపోగా పెరుగుతుంది.

మెట్ల దగ్గర వరస ఇది. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు పై మెట్టు మీద పెట్టాలి. ఆ తరువాత నొప్పి కాలు, కర్ర కలిసి పైకి రావాలి. దిగేటప్పుడు కర్ర ముందు కింది మెట్టు మీద పెట్టాలి. తరువాత నొప్పి కాలు, చివరకు బాగున్న కాలు. మంచి కాలు ముందు ఎక్కుతుంది, నొప్పి కాలు ముందు దిగుతుంది అని గుర్తు పెట్టుకుంటే చాలు. మెట్ల పక్క కమ్మీ ఉంటే ఒక చేయి దాని మీద, రెండో చేతిలో కర్ర ఉంచుకోవాలి. కమ్మీని మించిన ఊతం లేదు.

కమ్మీ లేని అడవి బాటలో, గులకరాళ్ళ దారిలో రెండు కర్రలు ఉంటే మరీ మంచిది. శ్రీశైలం కాలిబాటలో పెచ్చెరువు దాటి వచ్చేవారు భీముని కొలను దగ్గర నిటారు లోయలోకి దిగి, మళ్ళీ కైలాస ద్వారం దాకా ఎక్కాలి. అంతవరకు కాళ్ళు బాగున్నవారికి కూడా అక్కడి దిగుడు పరీక్ష పెడుతుంది. శబరిమలకు పంబ నుంచి సన్నిధానం దాకా ఐదు కిలోమీటర్లే అయినా, నీలిమల ఎక్కినవారు తిరిగి దిగవలసిందే కదా.

దిగేటప్పుడు మరొక జాగ్రత్త. కర్రను మరీ దూరంగా చాచి పెట్టి దాని మీద పడరాదు. అడుగు ఎంతో కర్ర అంతే ముందు ఉండాలి. అడుగులు చిన్నవిగా, మోకాలు కొద్దిగా మడిచి వేయాలి. కాలు బిగదీసి దబదబ దిగితే ఏ కర్రా కాపాడలేదు.

పొన్నా? రబ్బరా?

రోకలికి పొన్ను వేసినట్లే చేతికర్ర కొసకూ ఇనుప పొన్ను వేయించడం మన పెద్దల పద్ధతి. మట్టి దారిలో, గడ్డి గట్టు మీద పొన్ను దిగబడి నిలుస్తుంది. కర్ర కొస అరగదు. రాత్రివేళ తోటకు నీళ్ళు పెట్టబోయే రైతుకు పొన్ను కర్ర మంచి తోడు. నేల మీద తాటిస్తూ నడిస్తే ఆ అదురుకు పాము తప్పుకునే అవకాశం ఉన్నది. గడ్డిలో కాలు పెట్టే ముందు కర్రతో కదిలించి చూడవచ్చు.

అయితే వేల మంది పాదాలకు అరిగి నున్నబడిన రాతి మెట్ల మీద అదే పొన్ను జారుతుంది. వాన పడినా, కొబ్బరినీళ్ళు ఒలికినా చెప్పనే అక్కరలేదు. రాతి మెట్లకు రబ్బరు కావాలి. మందుల షాపులలో, చేతికర్రలు అమ్మే చోట రబ్బరు బుష్‌లు దొరుకుతాయి. కర్ర లావుకు సరిపోయేది చూసి, బిగుతుగా ఎక్కించాలి. వదులుగా ఉంటే దారిలో ఊడిపోయి మరింత ప్రమాదం. అది దొరకకపోతే పాత టైరు ముక్కను కొసకు అమర్చి, పక్కల నుంచి మేకులు కొట్టుకోవచ్చు. అడుగున మేకు తల బయటికి ఉండరాదు. ఉంటే రబ్బరు వేసిన లాభం లేదు, రాయికి తగిలేది మేకే.

రబ్బరు ఎండకు ఎండి గట్టిపడుతుంది, పగుళ్ళు వస్తాయి, గాళ్ళు అరిగి నున్నబడుతుంది. బయలుదేరే ముందు రోజు తిరగేసి చూసుకోవాలి. అరిగిన టైరుతో బండి తోలమని ఎవరైనా అంటే ఊరుకుంటామా? ఇదీ అంతే.

మడత కర్రలు వచ్చాయి

ఈ మధ్య కొన్ని ఇళ్ళలో మరో రకం కర్ర కనబడుతున్నది. విదేశాలలో ఉన్న పిల్లలు వచ్చేటప్పుడు తల్లిదండ్రులకు తెచ్చి ఇస్తున్నారు. కొందరు పట్నాల నుంచి తెప్పించుకుంటున్నారు. రేడియో ఏరియల్ లాగా ఒక గొట్టంలో మరొకటి దూరే ఈ కర్రలను ట్రెకింగ్ పోల్ అంటారు. కొండలు ఎక్కేవారి కోసం పొడవు మార్చుకునే వీలున్న ఈ రకాన్ని 1970 దశకంలో జర్మనీకి చెందిన లేకి సంస్థ బయటికి తెచ్చింది. ఇప్పుడు చాలా సంస్థలు చేస్తున్నాయి.

ఇందులో అల్యూమినియంవి, కార్బన్‌వి అని రెండు రకాలున్నాయి. కార్బన్ కర్ర తేలిక, కాని రాళ్ళ మధ్య ఇరుక్కుని పక్కకు ఒత్తిడి పడితే పుటుక్కున విరుగుతుంది. అల్యూమినియం కొంచెం బరువు, కాని విరగకముందు వంగి హెచ్చరిస్తుంది. మన మెట్ల దారులకు, ముతక వాడకానికి అల్యూమినియమే నయం. కొసన గట్టి లోహపు ములుకు ఉంటుంది. మట్టికి దాన్ని వాడుకోవాలి. రాతి మెట్లకు దానితోపాటు వచ్చిన రబ్బరు తొడుగు వేసుకోవాలి.

పొడవు బిగించేందుకు కొన్నింటికి మెలితిప్పే పద్ధతి, కొన్నింటికి మీట నొక్కే పద్ధతి ఉంటుంది. రెండింటిలోనూ బిగించిన తరువాత నిలబడి, ఒంటి బరువంతా ఒకసారి కర్ర మీద మోపి చూడాలి. జారితే అక్కడే సరిచేసుకోవాలి. కొండ మీద జారితే చేసేదేమీ ఉండదు. మీట వదులైతే దాని పక్కనున్న చిన్న మరను కొద్దిగా బిగిస్తే సరిపోతుంది. గొట్టం మీద ఆపు గీత ఒకటి ఉంటుంది. దాన్ని దాటి బయటికి లాగరాదు. లాగితే లోపల పట్టు చాలక కర్ర అక్కడే వంగిపోతుంది.

పిడికి ఉండే పట్టీని చాలామంది పైనుంచి దూర్చుకుంటారు. చేయి కింది నుంచి పైకి దూర్చి, పట్టీని, పిడిని కలిపి పట్టుకోవాలి. అప్పుడు బరువు మణికట్టు మీది పట్టీకి పోతుంది, పిడిని గట్టిగా పిసికి పట్టుకునే పని ఉండదు. రద్దీలోను, రాళ్ళ సందుల్లోను మాత్రం పట్టీ తీసివేయాలి. కర్ర ఇరుక్కుంటే చేయి కూడా దానితోపాటు ఇరుక్కుంటుంది.

అటక మీద పడేస్తే ఎట్లా?

కొడవలికి పదును పెట్టి చూరులో జాగ్రత్తగా దోపుకునే మనం, కర్రను మాత్రం వచ్చీ రాగానే గొడ్లచావడి మూల పడేస్తాం. మరుసటి ఏడు దాకా దాని మొహం చూడం. తీసి చూస్తే చెదో, పుచ్చో పట్టి ఉంటుంది.

వెదురు కర్రను యాత్ర నుంచి రాగానే తడిగుడ్డతో తుడిచి, నీడలో ఆరబెట్టాలి. ఆరిన తరువాత ఆముదమో, అవిసె నూనో గుడ్డకు అంటించి ఒళ్ళంతా రుద్దాలి. బీహారు పల్లెల్లో లాఠీకి ఆవనూనె తాగించడం ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. నూనె పట్టిన కర్ర తేమను పీల్చదు, త్వరగా చీలదు. నేలకు ఆనించక, గోడకు కొట్టిన రెండు మేకుల మీద అడ్డంగా పెడితే వంగదు, చెద అందుకోదు. కర్ర కింద పసుపు పచ్చని పొడి రాలుతున్నదంటే పుచ్చు పురుగు లోపల ఉన్నదని గుర్తు. దాన్ని పొయ్యిలో పెట్టడమే తప్ప మళ్ళీ చేత పట్టరాదు. పైకి బాగానే కనబడినా బరువు పడగానే విరుగుతుంది.

మడత కర్రకు పద్ధతి వేరు. దీనికి నూనె శత్రువు. గొట్టాల లోపల నూనె రాస్తే మెలితిప్పే బిగింపు పట్టు తప్పి జారుతుంది. యాత్ర నుంచి రాగానే భాగాలు మూడూ విడదీసి, పొడిగుడ్డతో ఇసుక, దుమ్ము, చెమట తుడవాలి. తడిసి ఉంటే విడిగానే ఒక రోజు ఆరనివ్వాలి. తడితో మూసి దాచితే లోపల తెల్లగా పొరలు కట్టి, మళ్ళీ లాగితే రాదు. దాచేటప్పుడు బిగింపులు వదులుగా ఉంచాలి. అమెరికా నుంచి వచ్చిన కర్ర పనిచేయడం లేదని అటకెక్కించిన వారిలో చాలామందికి కావలసింది ఒక పొడిగుడ్డ మాత్రమే.

అలిపిరిలో చేతికర్ర

చేతికర్ర సంగతి రాష్ట్రమంతా మాట్లాడుకున్న సందర్భం ఒకటున్నది. 2023 ఆగస్టులో అలిపిరి కాలిబాటలో చిరుత దాడికి ఒక చిన్నారి బలయింది. ఆ దుర్ఘటన తరువాత నడిచి వెళ్ళే భక్తులకు కర్రలు ఇవ్వాలని తిరుమల తిరుపతి దేవస్థానం నిర్ణయించి, సెప్టెంబరులో పంపిణీ మొదలుపెట్టింది. కర్ర చేతిలో ఉన్న మనిషి మీదికి రావడానికి మృగం వెనుకాడుతుందన్నది వారి ఉద్దేశం. చిరుతకు కర్ర ఏం సమాధానమని హేళన చేసినవారూ లేకపోలేదు.

కర్ర ఉన్నదన్న ధీమాతో అడవి దారిలో ఒంటరిగా నడవడం, పిల్లలను ముందు వదలడం మంచిది కాదన్న మాట నిజం. గుంపుగా నడవాలి. పిల్లలు పెద్దవారి చేయి వదలరాదు. పిల్లలను కాలిబాటన అనుమతించే వేళల మీద దేవస్థానం ఆంక్షలు పెడుతూ ఉంటుంది కనుక బయలుదేరే ముందు కనుక్కోవాలి. అయితే చిరుత మాట అటుంచితే, ఆ దారిన నడిచే పెద్దవయసు వారికి రోజూ ఎదురయ్యేది మెట్టే. రామానుజులవారు కొండను పాదాలతో తొక్కరాదని మోకాళ్ళ మీద ఎక్కారని చెప్పుకునే మోకాళ్ళ పర్వతం ఆ దారిలోనే ఉన్నది. అక్కడికి చేరేసరికి కర్ర విలువ ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

కర్ర చేయలేనిది

కర్ర ఊతమే కాని మందు కాదు. మోకాలు వాచినా, వేడిగా ఉన్నా, రాత్రిళ్ళు నిద్ర పట్టనంత నొప్పి ఉన్నా, నడుస్తూ నడుస్తూ కీలు పట్టివేసినా డాక్టరుకు చూపించుకున్న తరువాతే కొండ మాట తలపెట్టాలి. గుండె జబ్బు, ఆయాసం ఉన్నవారికి కర్ర వల్ల ఒరిగేది లేదు. రోడ్డు ఉన్న కొండలకు బస్సులో వెళితే దేవుడేమీ కోపగించడు.

వెళ్ళదలచినవారు నెల రోజుల ముందు నుంచి తెల్లవారుజామున తోట గట్ల మీద కర్రతోనే నడిచి అలవాటు చేసుకోవాలి. ఏ చేయి, ఏ కాలు అన్న వరస ఆలోచించకుండా వచ్చేదాకా ఇంటి మెట్ల మీద సాధన చేయాలి. కొండ మీద నేర్చుకుందామంటే కుదరదు. వెనుక జనం తోసుకొస్తుంటారు. ఆ జనంలో కర్ర కొస ఎప్పుడూ నేలవైపే ఉండాలి. చంకలో అడ్డంగా పెట్టుకుంటే వెనుకవాడి కంటికి ప్రమాదం.

బాబాయి మళ్ళీ కొండ ఎక్కుతున్నారు. ఈసారి నీళ్ళలో నానవేసి ఆరబెట్టిన సాధనం వెదురు, కొసకు రబ్బరు బుష్, పిడి దగ్గర సైకిలు ట్యూబు చుట్ట. పైకి చేరిన తరువాత ఎవరైనా పిల్లవాడు కర్ర అడిగితే ఇవ్వరు. "ఆగరా అబ్బాయ్, దీనితో పని ఇప్పుడే మొదలు" అంటారు.

వచ్చే కోతల తరువాత మొక్కు తీర్చుకోవాలనుకునే రైతు సోదరులు, అక్కచెల్లెళ్ళు ఇప్పుడే గట్టు మీది వెదురు పొద వైపు ఒకసారి చూడడం మంచిది. కర్ర ఆరడానికి నెల పడుతుంది.